బాస్కెట్‌బాల్‌లో బంతి వెనక్కి వెళ్లినా విజిల్ ఎందుకు రాదు? బ్యాక్‌కోర్ట్ వయలేషన్ లెక్క

[స్క్రీన్: బంతి సెంటర్ లైన్ దాటి వెనక్కి దొర్లుతోంది. ఫ్రీజ్.]

వాయిస్: బంతి గీత దాటి వెనక్కి పోయింది. బెంచ్ దగ్గర కోచ్ రెండు చేతులూ ఎత్తి అరుస్తున్నాడు. రెఫరీ నోట్లో విజిల్ ఉంది, ఊదలేదు. అదే కరెక్ట్. ఎందుకంటే వెనక్కి వెళ్లిన బంతిని ఇంకా ఎవరూ ముట్టుకోలేదు.

ఫిబా (ప్రపంచ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్ చెప్పేది ఇది. బంతి ఒక టీమ్ కంట్రోల్‌లో, వాళ్ల ఫ్రంట్‌కోర్ట్‌లో, అంటే వాళ్లు షాట్ వేసే బుట్ట ఉన్న సగంలో ఉంది. అక్కడ దాన్ని చివరగా తాకింది ఆ టీమ్ ఆటగాడే. వెనక్కి, అంటే వాళ్లు కాపాడుకునే సగమైన బ్యాక్‌కోర్ట్‌లోకి వెళ్లాక మొదట తాకింది కూడా ఆ టీమ్ ఆటగాడే. ఇవన్నీ కలిస్తేనే వయలేషన్, అంటే రూల్ తప్పినట్టు. ఒక్కటి తగ్గినా ఆట సాగుతుంది. మన దేశంలో బాస్కెట్‌బాల్ ఫెడరేషన్ టోర్నీలకీ ఇవే రూల్స్.

[స్క్రీన్: కోర్టు బొమ్మ. సెంటర్ లైన్ ఎర్రగా మెరుస్తుంది.]

ముందు గీత సంగతి. కోర్టు పొడవు 28 మీటర్లు, గీత వెడల్పు 5 సెంటీమీటర్లు. ఆ 5 సెంటీమీటర్లూ బ్యాక్‌కోర్టే. బొటనవేలి అంచు గీతకు తగిలినా ఆటగాడు వెనక ఉన్నట్టే.

[స్క్రీన్: ఎరుపు టీమ్ 7వ నంబర్ ఆటగాడు డ్రిబుల్ చేస్తూ (బంతిని నేలకు కొడుతూ) గీత దగ్గరికి వస్తాడు. స్లో మోషన్.]

ఎక్కువ గొడవ ఇక్కడే. ఎరుపు 7 ఎడమ పాదం ముందుకు వచ్చేసింది. బంతి కూడా ముందువైపే పడుతోంది. కుడి పాదం మాత్రం గీత మీద ఉంది. నీలం డిఫెండర్ మీదకు రాగానే 7 వెనక్కి తగ్గాడు. గ్యాలరీ "బ్యాక్, బ్యాక్" అని అరిచింది. వయలేషన్ లేదు. డ్రిబుల్ చేస్తూ వచ్చేవాడి రెండు పాదాలూ, బంతీ, మూడూ ముందువైపు నేలను తాకాలి. అప్పటిదాకా అతను బ్యాక్‌కోర్ట్‌లో ఉన్నట్టే. ఈ వెసులుబాటు ఊరికే రాదు, బంతిని ముందుకు తేవడానికి ఇచ్చే 8 సెకన్ల లెక్క నడుస్తూనే ఉంటుంది. గీత మీద కాలు పెట్టి తీరిగ్గా ఆలోచించేవాళ్లు మర్చిపోయేది దీన్నే.

మూడూ ముందుకు వచ్చాక కథ మారుతుంది. ఆ తర్వాత డ్రిబుల్ చేస్తూ మడమ గీతకు తగిలినా, బంతి గీత మీద పడి మళ్లీ అతని చేతికే వచ్చినా విజిల్ పడుతుంది.

టీవీలో ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) చూసి మన దగ్గర వాదించేవాళ్లకు ఒక మాట. బంతి చేతిలో పట్టుకున్న ఆటగాడూ, ఆ బంతీ బ్యాక్‌కోర్ట్‌ను తాకకపోతే చాలు, ఎన్‌బీఏ దాన్ని ఫ్రంట్‌కోర్ట్ అంటుంది. ఒక పాదం ముందు, రెండోది గాల్లో ఉన్నా సరిపోతుంది. ఫిబాలో రెండు పాదాలూ ముందువైపు నేల మీద ఆనాలి. ఒకే అడుగుకు రెండు లీగుల్లో రెండు తీర్పులు రావచ్చు.

[స్క్రీన్: ట్రయల్ రెఫరీ నిలబడే చోటు, చూపు కోణం.]

ఈ కాల్ ఎవరిది? ఆట వెనకాల వచ్చే ట్రయల్ రెఫరీది. బుట్ట వెనక గీత, అంటే బేస్‌లైన్ దగ్గరున్న లీడ్ రెఫరీకి సెంటర్ లైన్ 14 మీటర్ల దూరం, అక్కణ్నుంచి మడమ కనపడదు. ట్రయల్ కూడా బంతి ఉన్నవాడి వీపు వెనక నిలబడితే ఒళ్లే అడ్డం. కొంచెం పక్కకు జరిగి, పాదానికీ గీతకూ మధ్య ఖాళీ కనిపించే కోణం పట్టాలి. డిఫెన్స్ కోర్టంతా మీద పడి ప్రెస్ వేసినప్పుడు ఆటగాళ్ల కంటే ముందు పరిగెత్తే ట్రయల్‌కు ఈ కోణం దొరకదు. తప్పు కాల్స్ చాలావరకు కళ్ల వల్ల రావు, నిలబడిన చోటు వల్ల వస్తాయి.

[స్క్రీన్: పాస్. నీలం టీమ్ 4వ నంబర్ ఆటగాడి వేలికొనలు బంతికి తగులుతాయి.]

ఇక తాకుడు. ఎరుపు పాస్‌ను ముందువైపే నీలం 4వ నంబర్ ఆటగాడు వేలితో తప్పించాడు, బంతి వెనక్కి వెళ్లింది. ఎరుపు ఆటగాడు పరిగెత్తి పట్టుకున్నాడు. వయలేషన్ లేదు, చివరగా తాకింది నీలం. కొత్తగా 8 సెకన్లు మొదలు. అదే బంతి నీలం చేతికి తగిలి, ఫ్రంట్‌కోర్ట్‌లోనే ఉన్న ఎరుపు 7 మోకాలికి కొట్టుకుని వెనక్కి వెళ్లి ఎరుపుకే దొరికితే వయలేషన్. వేలు తగిలిందో లేదో చేతిని చూసి చెప్పడం కష్టం. బంతి తిరుగుడు మారిందా, దారి వంగిందా అన్నది చూడాలి.

బంతి రెఫరీకే తగిలితే? రెఫరీ నిలబడ్డ నేలకు తగిలినట్టే. ఎరుపు పాస్ ఫ్రంట్‌కోర్ట్‌లో ఉన్న రెఫరీ కాలికి కొట్టుకుని వెనక్కి వెళ్లి ఎరుపుకే దొరికితే వయలేషన్. పాపం, రెఫరీని తిట్టుకున్నా లాభం లేదు.

[స్క్రీన్: రీబౌండ్. వేలితో తట్టిన బంతి గీత దాటుతుంది.]

రీబౌండ్‌లో, అంటే షాట్ తప్పి తిరిగొచ్చిన బంతి దగ్గర, తికమక ఇంకోటి. షాట్ కోసం బంతి చేయి వదలగానే టీమ్ కంట్రోల్ పోతుంది. ఎరుపు ఆటగాడు రీబౌండ్‌ను పట్టుకోకుండా తట్టాడు, బంతి వెనక్కి వెళ్లింది, ఎరుపు గార్డ్ తీసుకున్నాడు. తప్పేం లేదు. తట్టడం కంట్రోల్ కాదు. అదే రెండు చేతులతో పట్టి వెనక్కి విసిరితే వయలేషన్.

గాల్లో ఉన్నవాడు ఏ నేల మీంచి ఎగిరాడో అక్కడే ఉన్నట్టు లెక్క. తన ఫ్రంట్‌కోర్ట్ నుంచి ఎగిరి సొంత టీమ్ పాస్ అందుకుని బ్యాక్‌కోర్ట్‌లో దిగితే వయలేషన్. అలాగే ఎగిరి ఎదుటి టీమ్ పాస్‌ను గాల్లోనే లాక్కుని వెనక దిగితే కాదు, అక్కడ కొత్త కంట్రోల్ గాల్లోనే మొదలైంది.

[స్క్రీన్: మొదటి షాట్ మళ్లీ. ప్లే.]

ఇప్పుడు ఆ దొర్లుతున్న బంతి దగ్గరికి వద్దాం. చివరగా తాకింది ఎరుపే. తొందరపడి విజిల్ ఊదితే ఏమవుతుంది? నీలం గార్డ్ అప్పటికే బంతి వైపు పరిగెడుతున్నాడు, ముందంతా ఖాళీ. అతనికి రావాల్సిన లేఅప్‌ను (బుట్ట దగ్గరికెళ్లి వేసే తేలిక షాట్‌ను) రెఫరీయే ఆపినట్టు. అందుకే ఎరుపు చేయి తగిలేదాకా ఆగాలి. తగిలాక విజిల్, క్లాక్ ఆపడానికి అరచేయి తెరిచి పైకి. తర్వాత చూపుడు వేలు చాచి చేతిని ఒంటి ముందు అటూ ఇటూ ఊపాలి. చివరగా నీలం ఆడే దిశ చూపించాలి. బంతి నీలానికి, తప్పు జరిగిన చోటికి దగ్గరగా, వాళ్ల ఫ్రంట్‌కోర్ట్‌లోనే త్రో-ఇన్, అంటే కోర్టు బయటి నుంచి బంతి లోపలికి వేయడం. షాట్ వేయడానికి మిగిలిన సమయం చూపే షాట్ క్లాక్ మీద 14 సెకన్లు.