క్షేమం అనగలిగే నోటికి క్సినోమావ్రో ఎంత?

అందరికీ నమస్కారం. బల్ల మీద ఐదు వైన్ సీసాలు కనిపిస్తున్నాయి కదా, ఐదూ గ్రీసు నుంచి వచ్చినవే. ఐదింటి ధర కలిపినా ఫ్రాన్సులోని బర్గండీ నుంచి వచ్చే ఒక పేరున్న సీసా ధరకు అందదు. ఎందుకింత చవక అని అడుగుతుంటారు. కారణాలు చాలా ఉన్నాయి గానీ, అందులో ఒకటి నాలుకకు సంబంధించినదని నా గట్టి అనుమానం. కొట్టుకు వెళ్ళినవారు నోరు తిరగని పేరు అడగడానికి మొహమాటపడి, తెలిసిన పేరున్న సీసా పట్టుకొని బయటపడతారు.

మనకు ఆ ఇబ్బంది ఉండకూడదు. మనది అజంత భాష. అసీర్తికో, విదియానో, రొబోలా, మలగుజియా, లిమ్నియోనా... ఈ ద్రాక్షల పేర్లన్నీ అచ్చుతోనే ముగుస్తాయి. ఫ్రెంచి పేర్లలోనే నయం కాని చిక్కు ఉంది, రాసినదాంట్లో కొంత మింగేయాలి.

క్సినోమావ్రో అనే ద్రాక్ష పేరు ఇంగ్లీషులో ఎక్స్‌తో మొదలవుతుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు. క్షేమం, క్షణం అనే మనం ఆగనక్కరలేదు. క్సినో అంటే పులుపు, మావ్రో అంటే నలుపు. పేరు పెట్టిన రైతు అబద్ధం చెప్పలేదు. ఉత్తర గ్రీసులో వెర్మియో కొండవాలున ఉన్న నౌసా దీనికి పేరుమోసిన చోటు. గ్లాసులో రంగు చూసి మోసపోకండి. నల్లద్రాక్ష అన్నమాటే గానీ రంగు లేతగా ఉంటుంది, కొన్నేళ్ళు గడిస్తే ఇటుక రంగుకు తిరుగుతుంది. వాసనలో ఎండు టమాటా, ఆలివ్ కాయ. నోట్లో ముందు పులుపు, వెంటనే చిగుళ్ళకు పట్టేసే వగరు. ఈ వగరు ఎలా ఉంటుందో చెప్పడానికి ఇంగ్లీషు పుస్తకాలు పేజీలు ఖర్చుపెడతాయి. షడ్రుచుల్లో దానికి చోటిచ్చినవాళ్ళం, నేరేడు పండ్లు తిని నాలుక చూసుకున్నవాళ్ళం, మనకు వివరణ ఎందుకు? ఇటలీలో బరోలో అనే వైన్ చేసే నెబ్బియోలో ద్రాక్షతో దీన్ని పోలుస్తారు. పోలిక రుచి వరకే, ధర దగ్గర ఏ పోలికా లేదు. వగరంటే భయపడేవారు అమిందియో అన్న ఊరి పేరు చూసి కొనండి. అది సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్న చల్లని ప్రాంతం, ఇసుక నేల. అదే ద్రాక్ష అక్కడ కాస్త మెత్తబడుతుంది. ఒక హెచ్చరిక: దీన్ని గుంటూరు కారం పడ్డ కూరతో తాగకండి. వగరు, కారం కలిస్తే నోరు మండిపోతుంది.

ఇక అసీర్తికో. పుట్టిల్లు సాంతొరీనీ దీవి. దాదాపు 3,600 ఏళ్ళ కిందట అగ్నిపర్వతం బద్దలై, నడుమ కుంగిపోగా మిగిలిన దీవి అది. నేలంతా బూడిద, తేలికరాయి. వాన అరుదు, గాలి మాత్రం ఊడ్చేస్తుంది. పందిరి వేస్తే నిలవదు. అందుకని రైతు ఏటా తీగలను నేలమీదే గుండ్రంగా చుట్టి అల్లుతాడు. చూస్తే అచ్చం నీళ్ళబిందె కింద తలమీద పెట్టుకునే చుట్టకుదురులాగే ఉంటుంది, కాకపోతే పెద్దది. గుత్తులు ఆ చుట్ట లోపల కాస్తాయి. గాలీ, ఎగిరే ఇసుకా, ఎండా నేరుగా తగలవు. సముద్రం మీది నుంచి వచ్చే మంచు తేమను తేలికరాయి పీల్చుకొని వేళ్ళకు అందిస్తుంది. చుట్ట ముదిరి కాపు తగ్గితే దాన్ని నరికేస్తారు, పాత వేరు నుంచే కొత్త తీగ లేస్తుంది. పంతొమ్మిదో శతాబ్దంలో యూరప్ ద్రాక్షతోటలను నాశనం చేసిన ఫిలోక్సెరా పురుగు ఈ నేలలో బతకలేదు. అందుకే అక్కడి తీగలు నేటికీ సొంత వేళ్ళ మీదే నిలిచి ఉన్నాయి.

ఇంత చెప్పి, సాంతొరీనీ సీసా కొనవద్దని అంటాను. బాగుండక కాదు. హోటళ్ళకు భూమి పోతోంది, కరువుకు దిగుబడి పడిపోయింది, ధర కొండెక్కింది. ఈ బల్ల మీది అసీర్తికో ఉత్తర గ్రీసులోని ద్రామా ప్రాంతానిది. అగ్నిపర్వతపు ఉప్పదనం ఇందులో తక్కువే, ఒప్పుకుంటాను. కానీ పులుపు నిక్కచ్చిగా ఉంటుంది. మన చేపల పులుసులో చింతపండు ముందు చాలా తెల్లవైన్లు చప్పబడి తేలిపోతాయి. ఇది నిలబడుతుంది.

మలగుజియాది వేరే కథ. దాదాపు అంతరించిపోతున్న తీగ. 1970లలో ద్రాక్షశాస్త్ర ఆచార్యుడు వసీలిస్ లొగొథేతిస్ దాన్ని వెతికి పట్టుకుంటే, వాంగెలిస్ గెరొవసిలియు అనే యువ వైన్ నిపుణుడు దాన్ని పెంచి చూపించాడు. ఇప్పుడు గ్రీసు నలుమూలలా వేస్తున్నారు. పూల పరిమళం. వైన్ అంటే పులుపేగా అని ముఖం చిట్లించే బంధువులకు ముందు ఇదే పోయండి.

నెమేయా అనే ప్రాంతపు ఎర్రవైన్ కొనేటప్పుడు జాగ్రత్త. ద్రాక్ష పేరు ఆయొర్గీతికో, అంటే సెయింట్ జార్జిది. మెత్తగా, తాగడానికి హాయిగా ఉంటుంది, కానీ మరీ చవక సీసాల్లో చాలావరకు చెరుకురసంలో నీళ్ళు కలిపినట్టే ఉన్నాయి. అందుకే తేలేదు.

నాకు ఎక్కువ జాలి వేసేది సవత్యానో మీద. పేరులోనే సవతి కనిపిస్తోంది, పొందినదీ సవతి ప్రేమే. ఏథెన్సు చుట్టూ, అత్తికా ప్రాంతంలో నీళ్ళు పెట్టకపోయినా ఎండను తట్టుకొని కాసే తెల్లద్రాక్ష. దాని రసంలో పైన్ చెట్టు జిగురు వేసి పులియబెడితే రెత్సీనా. పూర్వం మట్టికూజాలకు జిగురు పూసేవారు, ఆ వాసన వైన్‌కు అంటేది. గత శతాబ్దంలో పర్యాటకుల కోసం నాసిరకం వైన్‌లో ఆ జిగురు దట్టించి అమ్మారు. టర్పెంటైన్ తాగినట్టుందని వాళ్ళు ఇంటికి వెళ్ళి చెప్పుకున్నారు. ఆ చెడ్డపేరు ద్రాక్షకూ అంటింది, దేశానికీ అంటింది. ముదురు తీగల సవత్యానోను జిగురు లేకుండా చేసి చూడండి, పండిన పియరు పండు గుర్తొస్తుంది. మిగిలిన రెండు సీసాలూ అవే: ఒకటి జిగురుతో, ఒకటి జిగురు లేకుండా. ఏది ఏదో చెప్పను, వాసన చూసి మీరే తేల్చండి.

క్సినోమావ్రోకు గాలి తగలాలి కాబట్టి దాని మూత ముందే తీశాను. దాని వంతు చివర. చల్లని సీసాలు వేడెక్కకముందే గ్లాసులు అందుకోండి.