బ్యాక్‌గ్రౌండ్ లేని సేవకుడికి పరిచయాలు ఎలా వస్తాయి?

అందరికీ వందనాలండి. ఈరోజు మాట్లాడేది మనలో చాలామంది బయటికి అనలేని విషయం. నాన్న పాస్టర్ కాదు, పేరున్న బైబిల్ కాలేజీలో చదవలేదు, చేతిలో డబ్బు లేదు, సంఘం అంటే ఇంకా పట్టుమని ఇరవై మంది లేరు. అలాంటి సేవకుడికి సాయపడే మనుషులు ఎక్కడి నుంచి వస్తారు? "ప్రార్థన చెయ్యి బ్రదర్, దేవుడే తలుపులు తెరుస్తాడు" అంటారు. ప్రార్థన చెయ్యాల్సిందే, కాదనను. కానీ అపొస్తలుల కార్యములు చదివి చూడండి, దేవుడు తెరిచిన తలుపు దగ్గర చాలాసార్లు ఎవరో ఒక మనిషి నిలబడి కనిపిస్తాడు.

9వ అధ్యాయం తీసుకోండి. సౌలు (తర్వాత పౌలు అని పిలిచింది ఈయన్నే) యెరూషలేముకు వచ్చి శిష్యులతో కలుద్దామని చూస్తే ఒక్కరూ నమ్మలేదు, అందరూ భయపడ్డారు. భయపడరా మరి, మొన్నటిదాకా ఇళ్లలో జొరబడి విశ్వాసుల్ని చెరసాలకు ఈడ్చుకెళ్లిన మనిషాయె. అప్పుడు అక్కడి విశ్వాసుల్లో ఒకడైన బర్నబా అతన్ని వెంటబెట్టుకుని అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లాడు. "సౌలుకేం తక్కువండి, పేరున్న ధర్మశాస్త్ర బోధకుడు గమలీయేలు దగ్గర చదివాడు, రోమా పౌరుడు" అని మీరనొచ్చు. నిజమే, కానీ ఆ రోజు అవేవీ పనికిరాలేదు. బర్నబా ఏం చెప్పాడో గమనించండి: సౌలు దారిలో ప్రభువును ఎలా చూశాడో, దమస్కులో యేసు పేరున ఎంత ధైర్యంగా బోధించాడో చెప్పాడు. అంటే దమస్కులో ఎవరూ పిలవకముందే, స్టేజీ ఇవ్వకముందే సౌలు చేసిన పని ఒకటుంది, బర్నబా నోట్లో మాటలు అక్కడి నుంచే వచ్చాయి. మన గురించి ఒకరు ఇంకొకరికి చెప్పాలంటే వాళ్ల దగ్గర చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

నేను మొదట్లో దీన్ని తలకిందులుగా చేశాను. ఎక్కడ మీటింగ్ జరిగినా వెళ్లడం, అయిపోగానే స్టేజీ వెనక్కి పరిగెత్తడం, పెద్ద సేవకులతో ఫోటో దిగడం, నంబర్ తీసుకోవడం. ఫోన్‌లో వందల నంబర్లు చేరాయి. నిజంగా కష్టం వచ్చిన రోజు వాటిలో ధైర్యంగా నొక్కగలిగినవి రెండే రెండు. ఆ ఇద్దరితో నాకు ఫోటోలు లేవు, మీటింగులయ్యాక కలిసి కుర్చీలు మడతపెట్టిన పరిచయం అంతే!

ఇంగ్లండ్ నుంచి ఇండియాకు వచ్చిన మిషనరీ విలియం కేరీ సంగతే చూడండి, 1761లో పుట్టాడు, చెప్పులు కుట్టే పని నేర్చుకున్నాడు, కాలేజీ మెట్లెక్కలేదు. ఆయనకు దొరికిన స్నేహితులు ఆండ్రూ ఫుల్లర్, జాన్ సట్‌క్లిఫ్, జాన్ రైలాండ్, అందరూ చుట్టుపక్కల సంఘాల కాపరులే. వాళ్లలో ప్రార్థన కోసం కలుసుకునే అలవాటు 1784 నుంచే ఉంది. 1792 అక్టోబర్ 2న ఇంగ్లండ్‌లోని కెటరింగ్ ఊళ్లో ఒక ఇంట్లో కూర్చుని మిషన్ సొసైటీ మొదలుపెడితే, ఇస్తామని మాటిచ్చిన డబ్బు అంతా కలిపి 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్నీలు. మర్నాడే లక్షాధికారి దిగిరాలేదు. కేరీ 1793లో ఇండియాకు వెళ్లి మళ్లీ ఇంగ్లండ్ ముఖం చూడలేదు, ఫుల్లర్ మాత్రం 1815లో చనిపోయేదాకా అక్కడ ఊరూరా తిరిగి ఆ పనికి డబ్బు కూడగట్టాడు. ఇరవై రెండేళ్లు, మళ్లీ ఒక్కసారి కూడా కలవకుండా! మనమేమో పక్క వీధి పాస్టర్‌ను పోటీగా చూస్తూ ఎక్కడో ఉన్న పెద్దాయన కోసం ఎదురుచూస్తాం.

ఇంకోటి, రోమా పత్రిక 16వ అధ్యాయం. పేర్ల చిట్టా అని దాటేస్తాం గానీ, పౌలు అప్పటికింకా రోమాకు వెళ్లనేలేదు, అయినా రెండు డజన్ల మందికి పైగా వందనాలు పంపాడు. ఫీబే తనకూ చాలామందికీ సాయపడిందని రాశాడు, రూఫు తల్లి తనకూ తల్లేనన్నాడు. పదవిని బట్టి కాదు, ఎవరు ఏం చేశారో గుర్తుపెట్టుకుని రాశాడు.

సరే, పెద్ద సేవకుల్ని అసలు కలవొద్దా? కలవండి. కాకపోతే మొదటి ఫోన్‌లోనే మీటింగ్ డేటూ కానుకా అడగొద్దు, ఆయనకు విసుగు, మీకు చులకన. మీ సంఘంలో నిజంగా చిక్కుముడి పడిన ఒక్క విషయం అడగండి, చెప్పింది చేసి చూడండి, రెండు నెలలయ్యాక మళ్లీ ఫోన్ చేసి "అయ్యగారూ, మీరు చెప్పినట్టు చేశాను, ఇది కుదిరింది, ఇది కుదరలేదు" అని చెప్పండి. నన్ను సలహా అడిగినవాళ్లు బోలెడుమంది, అలా రెండోసారి ఫోన్ చేసింది మాత్రం ముగ్గురు. నన్నెవరైనా "మంచి కుర్రాడుంటే చెప్పండి" అని అడిగినప్పుడు నా నోటికొచ్చేది ఆ ముగ్గురి పేర్లే.