బొగ్గుల మంట దగ్గర

శ్రోతలందరికీ నమస్కారం.

మా వరంగల్ వైపు ఈస్టర్ మిర్చి సీజన్‌లోనే వస్తుంది. ఎనుమాముల మార్కెట్ యార్డు బస్తాలతో నిండిపోయి, ఘాటుకు దారిన పోయేవాళ్లు కూడా దగ్గుతుంటారు. ఆ రోజుల్లోనే ఒక ఆదివారం, ఇంకా తెల్లవారకముందే కొవ్వొత్తులు పట్టుకొని సమాధుల తోటకు వెళ్తాం. ముందురోజే సున్నం వేసి పెట్టుకున్న సమాధుల మీద పూలు పెట్టి, ప్రభువు లేచాడని పాడుకుంటాం. ఎండ ఎక్కేసరికి ఇంటికొచ్చి పొయ్యి వెలిగిస్తాం. పునరుత్థాన విశ్వాసానికి అసలు పరీక్ష ఆ పొయ్యి దగ్గరే అని నాకు అనిపిస్తుంది.

ఎందుకంటే, మరణాన్ని గెలిచి లేచిన యేసు కూడా పొయ్యే వెలిగించాడు. యోహాను సువార్త 21వ అధ్యాయంలో తిబెరియ సముద్రం ఒడ్డున బొగ్గులు రాజేసి, చేపలు కాల్చి, రాత్రంతా వల వేసి అలసిన శిష్యులను "రండి భోజనము చేయుడి" అని పిలిచాడు. ఆ వలలో పడ్డవి 153 చేపలట. ఎంత ఇష్టంగా లెక్కపెట్టుకున్నారో!

బొగ్గుల మంట అదే సువార్తలో ఇంకోచోట కూడా ఉంది, ప్రధాన యాజకుని ముంగిట్లో. యేసును పట్టుకున్న రాత్రి అక్కడ చలి కాచుకుంటూనే, ఆయన శిష్యుడు పేతురు తాను యేసు శిష్యుణ్ణి కానని బొంకాడు. మొత్తం మూడుసార్లు. ఇప్పుడు ఈ ఒడ్డు మీది మంట దగ్గర యేసు కూడా పేతురును మూడుసార్లే అడిగాడు, నన్ను ప్రేమిస్తున్నావా అని. కానీ ముందు కడుపునిండా పెట్టాడు, ఆ తర్వాతే అడిగాడు. ఎన్నిసార్లు చదివినా ఆ వరుస దగ్గర ఆగిపోతాను.

పొలం గట్టు గురించి తమ్ముడికీ నాకూ మూడేండ్లు మాటల్లేవు. ఒక ఈస్టర్ తెల్లవారుజామున అమ్మ సమాధికి చెరోపక్క నిలబడ్డాం. చావు ఓడిపోయిందని పాడుతున్నాను, కానీ గొంతు పెగలడం లేదు. చావును గెలిచిన ప్రభువును నమ్మిన నాకు ఒక గట్టు అడ్డమైంది.

"తమ్మీ, ఇంటికి రా. తిందాం" అన్నాను.

చాలాసేపు కొవ్వొత్తి వైపే చూశాడు. "సరే అన్నా, వస్త" అన్నాడు.

ఆ రోజు గట్టు మాట ఎత్తలేదు. తమ్ముడు రెండోసారి కూర వేయించుకున్నాడు. తర్వాత కొలిపిస్తే నా వైపే మూరెడు ఎక్కువ తేలింది. ఆ మూరెడు ఇప్పుడు తమ్ముడి మడిలో కలిసింది. ఈ ఏడు అక్కడ మిర్చి వేశాడు.