మన చమురు మనమే తీసుకుంటే హైదరాబాద్‌లో పెట్రోలు చౌక అవుతుందా?

(తెర మీద: ఉప్పల్ దగ్గర పెట్రోల్ బంకు, తిరుగుతున్న మీటరు)

2025 పొడవునా హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు 107 రూపాయల పైనే ఉంది. బంకు దగ్గర తరచూ వినపడే మాట ఒకటుంది: "మన గోదావరి దగ్గరే అంత చమురు ఉందట కదా, అది తీసుకుంటే ఈ రేట్లు ఎందుకుంటాయి?"

అడగాల్సిన ప్రశ్నే. ముందు లెక్క చూద్దాం.

మన దేశం రోజుకు దాదాపు 55 లక్షల బ్యారెళ్లు వాడుతుంది. ముడి చమురులో 85 శాతానికి పైగా బయటి నుంచే వస్తోంది. 2024 జనవరిలో ఓఎన్‌జీసీ కాకినాడ తీరానికి సుమారు 30 కిలోమీటర్ల దూరాన, లోతు సముద్రంలో కొత్తగా చమురు తీయడం మొదలుపెట్టింది. గొప్ప పనే. అక్కడ పెట్టుకున్న గరిష్ఠ లక్ష్యం రోజుకు 45 వేల బ్యారెళ్లు. అది పూర్తిగా అందినా, దేశం వాడకంలో ఒక్క శాతం కూడా కాదు.

పోనీ, ఆ కాస్తయినా చౌకగా దొరుకుతుందా? దొరకదు. కాకినాడ చమురునైనా రిఫైనరీకి అమ్మేది అంతర్జాతీయ ధరను బట్టే. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ చమురు తీసే అమెరికాలోనే 2022 జూన్‌లో గ్యాలన్ పెట్రోలు సగటు ధర 5 డాలర్లు దాటింది. ఉక్రెయిన్ యుద్ధంతో పెరిగిన రేటును వాళ్ల సొంత బావులు ఆపలేకపోయాయి.

(తెర మీద: బంకు రేట్ల బోర్డు, దగ్గరగా)

ఈ 107లో 45 రూపాయలకు పైగా పన్నులే. తెలంగాణ వ్యాట్ ఒక్కటే 35.2 శాతం. బంకులో రేటు వెంటనే తగ్గాలంటే చెయ్యి పెట్టాల్సింది ఇక్కడే.

మరి బావులు తవ్వడం దండగా? కానే కాదు. ఇక్కడ తీసిన ప్రతి బ్యారెల్‌కూ డాలర్లు మిగులుతాయి. జీతాలు, రాయల్టీ, సెస్సు దేశంలోనే తిరుగుతాయి. గల్ఫ్‌లో ఓడలు ఆగిపోతే, ఆ కొంచెమే పెద్ద ధైర్యం.

కానీ బావి మాట ఇచ్చినంత ఇస్తుందన్న నమ్మకం లేదు. కృష్ణా-గోదావరి తీరం దగ్గర సముద్రంలో ఉన్న రిలయన్స్ గ్యాస్ క్షేత్రం కేజీ డీ6లో 2009లో గ్యాస్ మొదలైంది. 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్ల దాకా వచ్చి, మూడేళ్లలో నాలుగో వంతుకు పడిపోయింది. లోతు సముద్రంలో ఒక్క బావికే వందల కోట్లు అవుతాయి. చమురు పడకపోతే ఆ డబ్బు నీళ్లపాలే.

డబ్బు లెక్కలో కనపడని ఖర్చు ఇంకొకటి. 1995లో కోనసీమలోని పాశర్లపూడి బావి 65 రోజులు మండింది. 2014లో అక్కడి 'నగరం' అనే ఊళ్లో గ్యాస్ పైప్‌లైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు. మనం హైదరాబాద్‌లో కూర్చుని "ఇంకా తవ్వండి" అంటుంటే, ఆ భయంతో బతికేది కోనసీమ వాళ్లు. తవ్వకాల లాభంలో వాళ్ల భద్రతకే మొదటి వాటా దక్కాలని నేను గట్టిగా నమ్ముతాను.

(తెర మీద: సిటీలో ఎలక్ట్రిక్ బస్సు)

తెలంగాణలో చమురు బావి లేదు. అయినా దిగుమతి తగ్గించే పని ఈ ఊళ్లోనే జరుగుతోంది. డీజిల్ బస్సు బదులు కరెంటు బస్సు తిరిగితే, దానికి శక్తి సింగరేణి బొగ్గు నుంచో, మహబూబ్‌నగర్ ఎండ నుంచో వస్తుంది. బొగ్గుతో పొగ తప్పదు, బ్యాటరీ సెల్స్ ఎక్కువగా చైనావే. అయితే బ్యాటరీని ఒకసారి కొంటే ఏళ్ల తరబడి నడుస్తుంది. డీజిల్ మాత్రం రోజూ కొనాల్సిందే, ఆ రోజు ప్రపంచం చెప్పిన రేటుకు.