జంగు పట్టని స్టీలు, మోయగల బరువు: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్తే, స్టూడియోలో మెకానికల్ ఇంజనీరు గారు మనతో ఉన్నారు. మొదటి కాల్ మిర్యాలగూడ నుంచి. చెప్పండి.

కాలర్ (మిర్యాలగూడ): నమస్తే సార్. గేటుకు ఎస్‌ఎస్, అదే జంగు పట్టని స్టీలు, బోల్టులు వేయించిన. కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి చూసిన, అంటుకోలే. అయినా ఒక్క వానాకాలానికే ఎర్ర మచ్చలు వచ్చినయి.

ఇంజనీరు: అయస్కాంతం అంటుకోకపోతే అసలు స్టీలు అని ఎవరు మొదలుపెట్టారో గానీ... 202 గ్రేడు అనే చవక రకం స్టీలుకు కూడా అంటుకోదండి. అందులో నికెల్ తగ్గించి మాంగనీస్ వేస్తారు, అగ్గువకు వస్తుంది, జంగు కూడా తొందరగానే పడుతుంది. మంచి రకం 304 అయితే క్రోమియం 18, నికెల్ 8 శాతం దగ్గర ఉంటాయి. బోల్టు తల మీద ఏ2-70 అని అచ్చు ఉందా?

కాలర్: ఏం లేదు సార్, నున్నగుంది.

ఇంజనీరు: చూశారా. ఏ2 అంటే 304 రకం, ఏ4 అంటే జంగును ఇంకా బాగా తట్టుకునే 316 రకం. అచ్చు లేని సామాను మీద నేనైతే నమ్మకం పెట్టను. ఇంకోటి, గేటు పక్కన మామూలు ఇనుముకు గ్రైండింగ్ చేసి ఉంటే ఆ రవ్వలు మంచి స్టీలు మీద పడినా మచ్చలొస్తాయి. తుడిస్తే పోయి మళ్లీ రాకుంటే రవ్వలే, మళ్లీ మళ్లీ వస్తుంటే బోల్టులు మార్చుకోండి.

యాంకర్: థ్యాంక్యూ అండి. తర్వాత దేవరకొండ వైపు నుంచి.

కాలర్ (దేవరకొండ): హలో... సార్, వినిపిస్తుందా? మాది దేవరకొండ దగ్గర పల్లె సార్. బోరు 300 అడుగులు. పోయినసారి నైలాన్ తాడు తెగి మోటర్ లోపల పడ్డది, తీయడానికి ఎంత తిప్పలైందో మీకు చెప్తే నమ్మరు, సరే అదిడిసిపెట్టుండ్రి. ఇప్పుడు స్టీల్ వైర్ రోప్ వేద్దామని. షాపాయన 6 ఎంఎం చాలు, రెండు టన్నులు ఆగుతదన్నడు. మా దగ్గర ఫ్లోరైడ్ నీళ్లు సార్, దానికి జంగు పట్టదా?

ఇంజనీరు: ముందు నీళ్ల సంగతి. ఫ్లోరైడ్ మన పళ్లకు, ఎముకలకు చేటు. స్టీలును తినేది క్లోరైడ్. రెంటినీ కలపకండి. నీళ్లు పరీక్ష చేయించి లీటరుకు క్లోరైడ్ ఎన్ని మిల్లీగ్రాములో అడగండి. 200 లోపుంటే 304 నడుస్తుంది, అది దాటి 1000 దాకా ఉంటే 316 తీసుకోండి, దాంట్లో క్లోరైడ్‌ను తట్టుకునే మాలిబ్డినం అనే లోహం ఉంటుంది.

కాలర్: మంచిది సార్. మరి రెండు టన్నులంటే మోటర్ యాభై కిలోలే కదా, ఇంకా సన్నం తాడు తెచ్చుకోవచ్చా?

ఇంజనీరు: ఆగండాగండి. ఆ రెండు టన్నులు తెగే బరువు. మోసే బరువు వేరు. తెగే బరువును అయిదుతో భాగించండి, 400 కిలోలు. క్లిప్పులతో కట్టిన చోట ఇంకో 20 శాతం పోతుంది, 320. ఇప్పుడు మీ బరువు చూద్దాం. పైపు లోపలి వ్యాసం 40 ఎంఎం అయితే మీటరుకు లీటరుంపావు నీళ్లు. 300 అడుగులంటే 91 మీటర్లు, అంటే 115 కిలోల దాకా నీళ్లే. బోరులో నీటిమట్టం దిగిపోయాక అదంతా వేలాడే బరువే. మోటరు, పైపు, కేబుల్ కలిపితే 200 దాటుతుంది. సన్నం తాడు ఊసెత్తకండి.

కాలర్: అంటే 6 ఎంఎం చాలు. ఇరుక్కుంటే ఒక టన్ను చైన్ పుల్లీ ఉంది మా దగ్గర, దాంతో గుంజుతం. రెండు టన్నుల తాడే కదా సార్?

ఇంజనీరు: (నవ్వి) మళ్లీ అక్కడికే వచ్చారు. తెగే బరువు వేరు, మోసే బరువు వేరు. బురదలో ఇరుక్కున్న మోటరుకు బరువు లెక్క ఉండదు, పుల్లీ ఎంత లాగితే తాడు మీద అంత పడుతుంది. టన్ను లాగితే మీ 320కి మూడింతలు. తెగితే కొరడాలా వచ్చి మనిషిని కొడుతుంది. అట్లాంటప్పుడు తాడు పట్టుకుని లాగకండి, బోరు బండి వాళ్లను పిలవండి.

కాలర్: సరే సార్. క్లిప్పులు షాపాయన జీఐవి, అంటే జింకు పూసిన ఇనుపవి, ఇచ్చిండు.

ఇంజనీరు: తిరిగి ఇచ్చేయండి. నీళ్లలో స్టీలు పక్కన జింకు పూతే ముందు కరుగుతుంది, ఆ తర్వాత క్లిప్పు తినుకుపోతుంది, తాడు మాత్రం మెరుస్తూ ఉంటుంది. తాడు ఏ గ్రేడో క్లిప్పులూ అదే గ్రేడు, ఒక్కో చివర కనీసం మూడు. క్లిప్పు పట్టీ బరువు మోసే తాడు వైపు, యూ ఆకారపు బోల్టు మడిచిన తోక ముక్క వైపు ఉండాలి. తిరగేసి బిగిస్తే మోసే తాడే నలుగుతుంది. బరువు పడ్డాక ఇంకోసారి బిగించండి.

కాలర్: యూ బోల్టు మోసే తాడు వైపు...

ఇంజనీరు: కాదు నాయనా, తోక వైపు. తోక. రాసుకోండి.

కాలర్: రాసుకుంటున్న సార్, ఇంకొకటి, మా తమ్మునిది కూడా బోరు...

యాంకర్: చాలా మంది లైన్‌లో ఉన్నారండి, థ్యాంక్యూ. మహబూబ్‌నగర్ నుంచి.

కాలర్ (మహబూబ్‌నగర్): సార్, హాల్లో ఫ్యాన్ హుక్కుకు ఉయ్యాల వేయొచ్చా? పిల్లల కోసమే.

ఇంజనీరు: వద్దమ్మా. పిల్లలు దిగాక పెద్దవాళ్లు ఎక్కుతారు. 60 డిగ్రీల ఎత్తు నుంచి ఊగితే కిందికి వచ్చేసరికి రెండింతల బరువు పడుతుంది. స్లాబ్ కడ్డీకి కట్టిన విడి హుక్కులు కావాలి, హుక్కుకు తగిలించే షాకిల్, అదే యూ ఆకారపు కొండి, మీద మోసే బరువు అచ్చు ఉండాలి. హుక్కుకు పక్క లాగుడు పడితే దాని బలం బాగా తగ్గిపోతుంది.

కాలర్: మరి డ్రిల్ చేసి...

యాంకర్: సారీ మేడమ్, టైం తక్కువుంది. జడ్చర్ల, తొందరగా.

కాలర్ (జడ్చర్ల): స్టీలు నట్టు సగంలో పట్టేసింది సార్, ఇటూ తిరగదు అటూ తిరగదు.

ఇంజనీరు: మిషన్‌తో బిగించారా?

కాలర్: అవును సార్.

ఇంజనీరు: స్టీలు మీద స్టీలు వేగంగా తిరిగితే మరలు వేడెక్కి ఒకదానికొకటి అతుక్కుంటాయి. అది కోసేయాల్సిందే. కొత్తదానికి మరలు పట్టేయకుండా ఉంచే యాంటీ సీజ్ గ్రీజు రాసి చేత్తో మెల్లగా తిప్పండి. కొనేటప్పుడు తల మీద అచ్చు...

యాంకర్: చూసుకోమంటున్నారు సార్. థ్యాంక్యూ సార్, ఇప్పుడు వార్తలు.