2,800 రూపాయల బిల్లు, ఒక కవరు నిండా పాత సామాన్లు

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈ ఎపిసోడ్ తెనాలిలో మా బాబాయి షెడ్డులోనే రికార్డు చేస్తున్నాం. వెనకాల కంప్రెసర్ మోత, రోడ్డు మీద ఆటోల హారన్లు వినిపిస్తూనే ఉంటాయి. బాబాయి విజయవాడలో ఒక టూవీలర్ షోరూమ్ వర్క్‌షాపులో ఆరేళ్లు మెకానిక్‌గా చేశాడు. ఇక్కడ సొంత షెడ్డు పెట్టి పద్దెనిమిదేళ్లయింది. ఇక నా సంగతి. పోయిన నెల హైదరాబాదులో నా బండిని షోరూమ్‌లో సర్వీసుకిచ్చాను. 125 సీసీ బండి, 2022లో కొన్నాను, 15,000 కిలోమీటర్లు తిరిగింది. పొద్దున ఇచ్చినప్పుడు 1,500 లోపు అవుతుందన్నారు. సాయంత్రం వెళ్తే 2,800 కట్టమన్నారు.

బాబాయి: బిల్లు తెచ్చావా?

హోస్ట్: బిల్లే కాదు బాబాయ్, తీసేసిన పాత సామాన్లు కూడా అడిగి తెచ్చాను. ఇదిగో కవరు.

బాబాయి: మంచి పని చేశావు. చాలామంది అడగరు. కవరు పక్కన పెట్టు, ముందు బిల్లు చదువు. నెమ్మదిగా చదువు.

హోస్ట్: లేబర్ 450, దాని మీద జీఎస్టీ 81. ఇంజిన్ ఆయిల్ 440. ఎయిర్ ఫిల్టర్ 265. స్పార్క్ ప్లగ్ 120. వెనక బ్రేక్ షూ 210. చెయిన్ క్లీనింగ్, లూబ్ కలిపి 220. ఇంజిన్ ఫ్లష్ 280. పెట్రోల్ యాడిటివ్ 190. బాడీ కోటింగ్ 450. కన్స్యూమబుల్స్, అంటే గ్రీసు, గుడ్డల్లాంటి చిల్లర సామాన్లకు, 94.

బాబాయి: మొదటి గీత మళ్లీ చదువు.

హోస్ట్: లేబర్ 450.

బాబాయి: అక్కడ ఆగు. నీ బండి విప్పి, ఆయిల్ దించి, ఫిల్టర్ మార్చి, బ్రేకులు శుభ్రం చేసి, చెయిన్ టైట్ చేసి, కేబుళ్లు చూసి, కడిగి ఇచ్చారు. గంటన్నర పని అది. దానికి తీసుకున్నది 450. మరి ఆ కోటింగుకు ఎంత తీసుకున్నారు?

హోస్ట్: అదీ 450.

బాబాయి: గుడ్డతో పది నిమిషాలు రుద్దే పనికీ, గంటన్నర చేతి పనికీ ఒకటే ధర. బిల్లు ఎందుకు పెరుగుతుందో ఈ రెండు గీతలే చెబుతాయి. లేబర్ రేటు తక్కువగానే ఉంచుతారు. అది పెరిగితే జనం బయటి షెడ్డుకు పోతారు. మరి వర్క్‌షాపు అద్దె, జీతాలు, కరెంటు ఎక్కడి నుంచి రావాలి? సీసాల నుంచి రావాలి. ఫ్లష్ సీసా, యాడిటివ్ సీసా, కోటింగ్ సీసా. నేను పనిచేసిన చోట అడ్వైజర్లకు, అంటే కౌంటర్లో బండి తీసుకుని పని రాసుకునే వాళ్లకు, నెలకు ఇన్ని సీసాలు అమ్మాలని టార్గెట్ ఉండేది. ఆ పిల్లలు ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల వాళ్లు. నెలాఖరు వస్తుందంటే వాళ్ల టెన్షన్ చూడలేకపోయేవాణ్ణి. అందుకే కౌంటర్లో కూర్చున్న వాళ్లతో గొడవ పడొద్దని అందరికీ చెబుతాను. వద్దంటే సరిపోతుంది.

హోస్ట్: ఇంజిన్ ఫ్లష్ నిజంగా అవసరం లేదా? లోపల మడ్డి పేరుకుంటుంది, అది కడగాలి అన్నారు.

బాబాయి: నీ బండితో ఇచ్చిన పుస్తకం ఉందా?

హోస్ట్: ఓనర్స్ మాన్యువల్. ఇంట్లో ఉంది.

బాబాయి: దాని వెనక పేజీల్లో మెయింటెనెన్స్ షెడ్యూల్ అని పట్టిక ఉంటుంది. ఎన్ని కిలోమీటర్లకు ఏది చూడాలి, ఏది శుభ్రం చేయాలి, ఏది మార్చాలి, అన్నీ రాసి ఉంటాయి. బండి తయారుచేసిన వాళ్లే రాసింది. అందులో ఫ్లష్ కనబడితే చేయించు. కనబడకపోతే వద్దను. మంచి ఆయిల్‌లోనే మడ్డిని కడిగే మందు కలిపి ఉంటుంది. టైముకు ఆయిల్ మారుస్తూ పోతే మడ్డి పేరుకునే అవకాశమే తక్కువ. పైగా ఆ ఫ్లష్ పూర్తిగా దిగకపోతే, మిగిలింది కొత్త ఆయిల్‌లో కలిసి దాన్ని పలచన చేస్తుంది.

హోస్ట్: ఆయిల్ ప్రతి సర్వీసుకూ మార్చాలా?

బాబాయి: అదీ పుస్తకంలోనే ఉంటుంది, బండి బండికీ తేడా. స్ప్లెండర్ లాంటి బండికి 6,000 కిలోమీటర్లకు మార్పు, మధ్యలో 3,000 దగ్గర తగ్గితే టాపప్. కొన్ని పెద్ద బండ్లకు ఇంకా ఎక్కువే ఇస్తారు. ఆ మధ్య సర్వీసులో కూడా మొత్తం దించి కొత్తది పోస్తే బిల్లు పెరుగుతుంది. అయితే ఊళ్లో ట్రాఫిక్‌లో ఫస్ట్ గేరు, సెకండ్ గేరుతోనే తిరిగేవాడికి కొంచెం ముందే మార్చడం నేను తప్పు పట్టను. డెలివరీ చేసే పిల్లలు నా దగ్గరికి వస్తారు. వాళ్లకు కిలోమీటర్లు ఎలా ఉన్నా ముందే మారుస్తాను. రోజంతా ఇంజిన్ ఆగదు కదా.

హోస్ట్: ఆయిల్ మనమే బయట కొనుక్కుని వెళ్తే?

బాబాయి: వారంటీలో ఉన్న బండికి ఆ పని చేయకు. వారంటీ అయిపోయాక కొనుక్కోవచ్చు, కానీ డబ్బా మీద చూసి కొను. గ్రేడు పుస్తకంలో ఏది ఉంటే అదే, 10డబ్ల్యూ30 అంటే 10డబ్ల్యూ30నే. ఇంకోటి, జాసో ఎంఏ, జాసో ఎంబీ అని రాసి ఉంటుంది, జాసో అంటే జపాన్ వాళ్ల ఆయిల్ ప్రమాణం. గేర్ల బండికి క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి, కాబట్టి ఎంఏ కానీ ఎంఏ2 కానీ పోయాలి. ఎంబీ స్కూటర్లకు. కారు ఆయిల్ మిగిలిందని తెచ్చి బైకులో పోయించుకున్నాయన ఒకాయన ఉన్నాడు. నెల తిరక్కుండానే క్లచ్ జారడం మొదలైంది. చివరికి ప్లేట్లు మార్చాల్సి వచ్చింది. ఆయిల్‌లో మిగుల్చుకున్నది ఎంత, క్లచ్‌కు పెట్టింది ఎంత?

హోస్ట్: స్కూటర్ సంగతి?

బాబాయి: స్కూటర్‌కు లీటరు పట్టదు. 800 మిల్లీలీటర్ల ప్యాకులు అందుకే వస్తాయి. బిల్లులో లీటరు అని పడితే మిగిలింది ఏదని అడుగు. నీ బిల్లులో చెయిన్ లూబ్ ఉందిగా, డబ్బా చేతికిచ్చారా?

హోస్ట్: లేదు.

బాబాయి: డబ్బా మొత్తానికి బిల్లు వేస్తే మిగిలిన డబ్బా నీది. ఒకసారి కొట్టిన దానికే వేస్తే 220 ఎక్కువ. చెయిన్ శుభ్రం చేయడం మాత్రం అవసరమే, అది కాదనను. అసలు 500 కిలోమీటర్లకోసారి ఇంట్లోనే నువ్వు చేసుకోవాల్సిన పని. ఆ డబ్బా ఒకటి ఇంట్లో ఉంటే నెలల తరబడి వస్తుంది.

హోస్ట్: మొన్న ఫోన్‌లో ఫ్రీ సర్వీసు గురించి ఏదో చెప్పబోయావు.

బాబాయి: ఆ, పాలాయన సంగతి. నేను షోరూమ్‌లో ఉన్నప్పుడు ఒకాయన కొత్త బండి మీద పాల క్యాన్లు కట్టుకుని మొదటి ఫ్రీ సర్వీసుకు వచ్చాడు. ఫ్రీ అన్నారు కదా అని జేబులో పెట్రోలు డబ్బులే పెట్టుకొచ్చాడు. బిల్లు ఆరొందల చిల్లర వచ్చింది. ఫ్రీ అంటే లేబర్ ఒక్కటే ఫ్రీ, ఆయిలుకూ మిగతా సామాన్లకూ డబ్బు కట్టాలని బండి అమ్మిన రోజు ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ బిల్లులో ఆయిలు న్యాయమే. మిగతాది పాలిషు. కొత్త బండికి, నెల కూడా నిండని బండికి పాలిషు! ఆయన బండి అక్కడే వదిలి, నడుచుకుంటూ వెళ్లి, ఎవరినో అడిగి డబ్బు తెచ్చాడు. నేను లోపల చేతులు తుడుచుకుంటూ చూస్తూ ఉన్నాను. ఏమీ అనలేకపోయాను. ఆ రోజు మాట్లాడాల్సింది రా. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

హోస్ట్: అందుకేనా బయటికి వచ్చేశావు?

బాబాయి: అదొక్కటే కాదులే. కానీ షెడ్డు పెట్టిన మొదటి రోజు నుంచీ ఏం మారుస్తున్నానో చూపించకుండా ఎవరి బండికీ ఏదీ మార్చలేదు.

హోస్ట్: మరి ఇంక అందరం షోరూమ్ మానేసి నీలాంటి వాళ్ల దగ్గరికే రావాలా?

బాబాయి: అలా అనకు. ఉన్నమాట చెప్పుకోవాలి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 వచ్చింది, అంటే బండి పొగ మీద కొత్త కాలుష్య నిబంధన. చాలా బండ్లకు ఇంజిన్‌కు పెట్రోలు, గాలి కలిపి పంపే కార్బురేటర్ పోయి, కంప్యూటరుతో నడిచే ఇంజెక్షన్ వచ్చింది. ఇంతకుముందు బండి రేసు సరిగా ఇవ్వకపోతే కార్బురేటర్ విప్పి, జెట్ ఊది, స్క్రూ అరచుట్టు తిప్పితే దారికొచ్చేది. ఇప్పుడు మీటరులో పసుపు లైటు వెలిగితే స్కానర్ పెట్టాలి. నేనూ ఒకటి కొన్నాను, కానీ అది అన్ని కంపెనీల బండ్లకూ పూర్తిగా చదవదు. ఏబీఎస్, అంటే బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసేది, దాని లైటు వెలిగినా అంతే. అలాంటివి షోరూమ్‌కే పంపుతాను. వారంటీ ఉన్నన్నాళ్లు కూడా షెడ్యూల్ ప్రకారం అక్కడే చేయించి, ప్రతి బిల్లూ దాచుకోవాలి. రేపు ఇంజిన్‌లో ఏదైనా వస్తే ముందు అడిగేది ఆ బిల్లులే. వారంటీ తీరాక ఆయిలు, బ్రేకులు, చెయిన్, కేబుళ్లు నమ్మకమైన షెడ్డులో చేయించుకో.

హోస్ట్: పన్నుల గురించి ఒక సందేహం. ఆయిల్ మీద జీఎస్టీ మళ్లీ విడిగా వేయొచ్చా?

బాబాయి: డబ్బా మీద ఎంఆర్‌పీ ఉందంటే అన్ని పన్నులూ అందులో కలిసినట్టే. బిల్లులో పన్ను విడగొట్టి చూపిస్తారు, అది సరే. కానీ మొత్తం ఎంఆర్‌పీ దాటకూడదు. లేబర్ మీద మాత్రం 18 శాతం విడిగా పడుతుంది. నీకు పడిన 81 అదే, లెక్క సరిగ్గానే ఉంది. ఇంకో సంగతి, 2025 సెప్టెంబరు 22 నుంచి బైకు విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. బ్రేక్ షూ లాంటివి అందులోకే వస్తాయి. బిల్లులో ఎక్కడైనా 28 కనబడితే అడుగు.

హోస్ట్: అడిగినా వినకపోతే?

బాబాయి: ముందు వర్క్‌షాపు మేనేజరు. తర్వాత కంపెనీ కస్టమర్ కేరుకు, బిల్లు ఫోటో పెట్టి రాతపూర్వకంగా. అక్కడా తేలకపోతే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. బిల్లు ఇవ్వకపోవడం కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పే. కానీ ఇంత దూరం రాకుండా ఉండాలంటే పొద్దున జాబ్ కార్డు, అంటే ఏయే పనులు చేయాలో రాసుకునే కాగితం, రాసేటప్పుడే చూసుకోవాలి. మనం ఆఫీసుకు టైమవుతోందని గబగబా సంతకం పెట్టి తాళం ఇచ్చేస్తాం. నువ్వు ఎంతసేపు ఉన్నావు?

హోస్ట్: మూడు నిమిషాలు ఉంటానేమో.

బాబాయి: నీ 1,300 రూపాయలు ఆ మూడు నిమిషాల్లోనే పోయాయి. పక్కన నిలబడి ఒక్కొక్క గీతా చదివించుకో. ఇది ఎందుకు అని అడుగు. ఎస్టిమేటు అంకె కార్డు మీద వేయించు. 'దీనికి మించితే ఫోన్ చేసి అడిగాకే చేయాలి' అని నీ చేత్తోనే రాయి. ఖాళీ గీతలు ఉంటే కొట్టేసి అప్పుడు సంతకం పెట్టు. పొద్దున పది నిమిషాలు ముందు వెళ్లు, అంతే. ఏదీ, ఆ కవరు ఇటివ్వు.

(కవరు విప్పుతున్న చప్పుడు)

బాబాయి: ఇది ఎయిర్ ఫిల్టరు. వెలుతురులో పట్టుకో. ఎంత దుమ్ము పట్టిందో చూడు. ఇది న్యాయంగానే మార్చారు. ఇలా ఆయిల్ పూసిన కాగితం రకానికి గాలి కొట్టి మళ్లీ పెట్టకూడదు, ఆ ఆయిలే దుమ్మును పట్టేది. ప్లగ్గు... ఇంకా బానే ఉంది, కానీ 15,000 తిరిగింది, పట్టించుకోను. మరి బ్రేక్ షూలు?

హోస్ట్: అడుగున ఉన్నాయి చూడు.

బాబాయి: ఆ స్కేలు అందుకో. కొత్తదానికి లైనింగు 4 మిల్లీమీటర్లు ఉంటుంది. 2కు వచ్చిందంటే మార్చాలి. ఇది... 3 ఉంది. పైన కొంచెం గాజులా నున్నబడింది, ఎమరీ పేపరుతో రుద్ది పెడితే ఇంకా బోలెడు దూరం నడిచేది.

హోస్ట్: అంటే 210 వృథా.

బాబాయి: బ్రేకు కాబట్టి ప్రాణానికి మంచిదేలే అనుకో. కానీ విప్పకుండానే తెలుసుకునే దారి ఉంది. వెనక చక్రం దగ్గర, బ్రేకు కడ్డీ వచ్చి తగిలే చోట చిన్న బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు పూర్తిగా తొక్కినప్పుడు ఆ బాణం పక్కనున్న గీత దగ్గరికి వస్తే షూలు అయిపోయినట్టు. ఎప్పుడైనా చూశావా?

హోస్ట్: లేదు బాబాయ్. నాకు తెలియనే తెలియదు.

బాబాయి: బండి బయటే ఉందిగా. స్టాండు వెయ్యి, చూపిస్తాను. చెయిన్ కూడా చూద్దాం, నువ్వు వచ్చేటప్పుడే కొట్టుకుంటున్న చప్పుడు వినబడింది.

హోస్ట్: సర్వీసు చేయించి నెల కూడా కాలేదు.

బాబాయి: అందుకే చూద్దాం అంటున్నా. ఆ మైకు అక్కడ పెట్టేసి, పన్నెండో నంబరు, పద్నాలుగో నంబరు స్పానర్లు పట్టుకురా.