ఎముకలు దేవతలకు, బూడిద మనకు

అందరికీ నమస్కారం. ధాతువు, అంటే మహాత్ముల చితిలో మిగిలిన అస్థిక, ఆ మాట అనగానే మన తెలుగువాళ్ళకు భట్టిప్రోలు గుర్తొస్తుంది, 1892లో బౌద్ధ స్తూపం తవ్వితే బయటపడ్డ ఆ రాతి భరిణెలు. మరి మహావీరుడి అస్థికలు ఎక్కడున్నాయి? జైనుల్ని అడిగితే చాలామంది "మాకు అలాంటివి లేవండీ, మోక్షానికి వెళ్ళిపోయినాయన ఎముకల్లో ఏముంటాడు" అంటారు. సిద్ధాంతం ప్రకారం సరైన మాటే. కానీ కథలు అంత తేలిగ్గా వదిలిపెట్టలేదు.

12వ శతాబ్దంలో జైన పండితుడు హేమచంద్రుడు చెప్పిన, మొదటి తీర్థంకరుడు ఋషభుడి కథ చూడండి. అష్టాపదం కొండ మీద ఆయన చితి చల్లారాక దేవతల రాజులు వచ్చారు: పైదవడ కుడి కోర శక్రుడు తీసుకున్నాడు, ఎడమది ఈశానుడు, కింది రెండూ చమరుడూ బలీ పంచుకున్నారు, మిగతా ఎముకలు మిగతా దేవతలు ఏరుకుపోయారు. అన్నదమ్ములు పొలం పంచుకున్నా ఇంత లెక్కగా పంచుకోరేమో! స్వర్గంలో వాటిని వజ్రపు భరిణెల్లో పెట్టి, స్తంభానికి వేలాడదీసి పూజిస్తారట. మనుషులకు మిగిలింది బూడిద.

ఆ బూడిదనైనా మనవాళ్ళు ఊరికే వదల్లేదు. బిహార్‌లోని పావాపురిలో మహావీరుణ్ని దహనం చేసిన చోట జనం తలా కాస్త బూడిద, అది అయిపోయాక కింది మట్టి, పిడికెడు పిడికెడు పట్టుకుపోతే గొయ్యి పడి చివరికి చెరువే అయిందని చెబుతారు. ఇప్పుడక్కడ తామరల మధ్య జలమందిరం, లోపల రాతి పాదాలు. మథురలో పాత జైన స్తూపం ఉన్న కంకాళీ దిబ్బ దగ్గర దొరికిన శాసనమైతే అక్కడి స్తూపాన్ని కట్టింది దేవతలేనంటుంది, మళ్ళీ దేవతలే!

నాకు ఆసక్తిగా అనిపించేది దాదాగురువుల సంగతి, అంటే శ్వేతాంబర జైనులు కొందరు కొలిచే పాతకాలపు ఆచార్యులు. తీర్థంకరుడు మొక్కులు వినడు, ఆయనకు ఈ లోకంతో పని లేదు. గురువులు అలా కాదు, వాళ్ళింకా మోక్షం పొందలేదు, దేవలోకంలో ఉన్నారని నమ్మకం, కాబట్టి అడిగితే పలుకుతారు. 1166లో వాళ్ళలో ఒకరైన మణిధారి జినచంద్రసూరి ఢిల్లీలో పోయినప్పుడు పాడె దారిలో దించారట, మళ్ళీ ఎత్తబోతే కదల్లేదట, అందుకే అక్కడే దహనం చేశారని మెహ్రౌలీలో ఆయన గుడి, దాదాబాడీ, కథ. అక్కడా మొక్కేది పాదుకలకే.

మన కడప వైపు పెన్న ఒడ్డున దానవులపాడులో పాదుకలకు బదులు నిషిధి రాళ్ళు, అంటే పోయినవాళ్ళ స్మారక శిలలు, ఉంటాయి. రాష్ట్రకూటుల దండనాయకుడు శ్రీవిజయుడు కత్తి పక్కన పెట్టి, సన్యసించి ప్రాణం విడిచిన సంగతి అక్కడి ఒక రాయి మీదే చెక్కారు.